ద్వెర్గులు మరుగుజ్జులా?

కోఠిలో పాత పుస్తకముల అంగళ్లవెంట నడచువారికి ఉత్తర ఐరోపా దేవతల కథలు చెప్పు బాలల పుస్తకములు అప్పుడప్పుడు కంటబడును. అట్టిదొకటి ఈ నడుమ మేము చూచితిమి. తలపై ఎఱ్ఱని కుచ్చుటోపీ, మోకాళ్లవఱకు వ్రేలాడు గడ్డము, గుండ్రని పొట్ట: అందలి బొమ్మ యిది. దీనిని చూచిన పిల్లవానికి మనమెల్లరము చెప్పు మాట 'మరుగుజ్జు'. ఆ మాట సరియైనదా యని విచారించుటయే మా యుద్దేశము. ఇది నిఘంటువునకు సంబంధించిన చిన్న తగవని చదువరులు తలపవచ్చును. కాని పనివానిని మనమెట్లు చూచుచున్నామను పెద్ద ప్రశ్న దీనిలో నిమిడియున్నది.

ఈ కథలకు ముఖ్యాధారములు ఐస్లాండు ద్వీపమున పుట్టిన రెండు గ్రంథములు. ఒకటి పద్య ఎడ్డా. దాని ప్రధానమైన ప్రతి సుమారు 1270 నాటిది. రెండవది స్నోరి స్టుర్లుసన్ అను పండితుడు 1220 ప్రాంతమున కూర్చిన గద్య ఎడ్డా. వీనియందు 'ద్వెర్గులు' అను జాతి వర్ణింపబడినది. వారు భూమియందును రాళ్లయందును నివసింతురు. ఇమిర్ అను ఆదిదైత్యుని మాంసమున పురుగులుగా పుట్టిన వారికి దేవతలు మనుష్యుల తెలివిని, మనుష్యుల రూపమును ఇచ్చిరని స్నోరి చెప్పినాడు. ఆకాశమును నాలుగు మూలల మోయుచున్నవారును ద్వెర్గులే. నోర్ద్రి, సుద్రి, ఔస్ట్రి, వెస్ట్రి అను వారి పేళ్లు నాలుగు దిక్కుల పేళ్లే. మన దిగ్గజములను తలపించు ఈ నలుగురిని నవ్వు పుట్టించు గుజ్జురూపులుగా ఊహించుట ఎట్లు?

పొట్టితనమును సూచించు మాట మూలములందు బొత్తిగా లేదని మేమనము. రెగిన్ అను కమ్మరి ఆకారమున ద్వెర్గువంటివాడని ఒకచోట వచనమున్నది. కాని ప్రధానమైన కథలలో వారి ఎత్తును గూర్చిన ప్రసక్తియే లేదు. వారి చేతిపనిని గూర్చిన ప్రసక్తియే యెల్లెడల కలదు. పొట్టి బొమ్మ తరువాతి జానపద కథలలో బలపడినది. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చొత్తించిన కథలో ఏడుగురు పొట్టివారు వచ్చిరి. 1937లో డిస్నీ చలనచిత్రము వారిని లోకమంతట త్రిప్పినది. నేడు మన పిల్లలకు తెలిసినది ఆ బొమ్మయే గాని ఎడ్డా కాదు.

ఇక వారి పనితనము. లోకి అను కపటదేవత బ్రొక్క్ అను ద్వెర్గుతో తన తలను ఒడ్డి పందెము వేసెను. బ్రొక్క్ తిత్తి ఊదుచుండగా అతని సోదరుడు సింద్రి కొలిమిలో పని చేసెను. లోకి ఈగయై వచ్చి చేతిని, మెడను, చివరకు కనుఱెప్పను కుట్టెను. నెత్తురు కంటిలోనికి కారగా బ్రొక్క్ ఒక్క క్షణము తిత్తిని విడిచి దానిని తుడుచుకొనెను. ఆ క్షణము వలననే థోరు దేవుని సుత్తికి పిడి పొట్టిదయినది. ఎంత సత్యమైన కథ! పనివానిని బాధించినవాడు దేవత. లోపము పని మీద నిలిచినది. అయినను దేవతలు ఆ సుత్తియే సర్వోత్తమమని తీర్పు చెప్పిరి. దేవలోకమును దైత్యుల బారినుండి కాపాడినది అదియే.

దీనికి వారు పొందిన ప్రతిఫలమేమి? అల్విస్ అను ద్వెర్గు సర్వజ్ఞుడు. థోరు ఇంట లేని వేళ అతని కూతును అల్విసునకిత్తుమని మాట ఇయ్యబడినది. తండ్రి తిరిగివచ్చి కాదనలేక రాత్రియంతయు ప్రశ్నలు వేసెను. అల్విస్ అన్నిటికిని సమాధానము చెప్పెను; అంతలో తెల్లవారెను. పగటి వెలుగు ద్వెర్గులకు నాశహేతువు. విద్యలో ఓడింపలేనివానిని వెలుతురుతో ఓడించిరి. పిల్లను ఇయ్యరాదను పట్టుదలకు పాండిత్యము అడ్డురాని ఈ కథ మన కులవ్యవస్థ నెఱిగినవారికి క్రొత్తది కాదు.

ద్వెర్గులు నిర్దోషులని మా వాదము కాదు. ఫ్యాలర్, గాలర్ అనువారు క్వాసిర్ అను జ్ఞానిని చంపి, ఆ నెత్తుటిని తేనెతో కలిపి కవిత్వమిచ్చు మద్యమును చేసిరి. అందును లోభులు, క్రూరులు కలరు, దేవతలలో లేరా?

మన వేదమునందు ఋభువుల కథ వేఱొక త్రోవ చూపుచున్నది. వారు సుధన్వుని పుత్రులు; పనితనముచేత దేవతలలో స్థానము సంపాదించిరి. అట్టి కథను పూజించిన మనము పనివానిని గౌరవించితిమా? నిజామాబాదు జిల్లా కోనసముద్రమున పూర్వము ఉక్కు కొలుములుండెడివి. అచ్చటి పనిని చూచి వోయిసీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వ్రాసిన వర్ణన 1832లో అచ్చయినది. పారశీక వర్తకులు ఆ ఉక్కు కొఱకు అంత దూరము వచ్చెడివారు. దక్షిణదేశపు ఉక్కుతో చేసిన కత్తులు డమాస్కసు నగరము పేర లోకప్రసిద్ధి కెక్కినవి. కరిగించిన కమ్మరి పేరు మనలో ఎవరికి తెలియును? ద్వెర్గులనైనను ఐస్లాండు కవులు పేరుపేరున జాబితా వ్రాసి నిలిపిరి. టోల్కిన్ తన 1937 నాటి నవలకు పేళ్లు తీసికొనినది ఆ జాబితానుండియే.

'మరుగుజ్జు' అను మాటతో రెండు అపచారములు జరుగుచున్నవి. గొప్ప శిల్పుల జాతి పిల్లల పరిహాసమునకు పాత్రమగుచున్నది. పొట్టి శరీరముతో పుట్టిన మన తోడివారు కట్టుకథలోని వింతజీవులతో జతచేయబడుచున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము వారిని పేర్కొని రక్షణ కల్పించినది. మన కథలు ఇంకను వారిని చూచి నవ్వించుచున్నవి.

కావున అనువాదకులకు మా మనవి యిది: 'ద్వెర్గులు' అను పేరునే ఉంచుడు, అర్థము కావలసినచో 'పాతాళ శిల్పులు' అనుడు. తెలుగునకు నిలువ నీడ కావలెనని 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును స్థాపించిన పేట ఇది. ఆ పేటలో అమ్ముడగు పుస్తకమునందైనను, కొలిమి ముందఱ నిలిచినవానికి అతని ఎత్తును బట్టి గాక అతని పనిని బట్టి పేరు పెట్టుట మనకు తగును.