చాట ముందు జెనిన్

కణ్ణూరు బీడీ కార్ఖానాల్లో ఒక ఆనవాయితీ ఉండేది. అందరూ బీడీలు చుడుతుంటే ఒకరు మాత్రం పేపరు చదివి వినిపించేవారు. ఆ పూట ఆయన చుట్టాల్సిన బీడీలను మిగతావాళ్లు తలా కొన్ని చుట్టి ఆయన లెక్కలో వేసేవారు. అంతకు చాలా ముందే, 1865లో, క్యూబాలోని హవానా చుట్టల ఫ్యాక్టరీల్లో ఇలాంటి చదువు మొదలైంది. అక్కడ నవలలు కూడా చదివేవారు. మాంటెక్రిస్టో చుట్టకు ఆ పేరు అట్లా విన్న నవల నుంచే వచ్చిందంటారు.

మా షోలాపూర్‌లో బీడీ పని ఎక్కువగా ఇళ్లలోనే సాగుతుంది. కార్ఖానాలో ఆకు, తంబాకు తూకం వేయించుకుని రావాలి. ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి మళ్లీ ఒప్పజెప్పాలి. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు చాటల ముందు. పద్మశాలి ఇళ్ల బతుకు ఇక్కడ తరాలుగా ఇట్లాగే నడిచింది. హోట్గి రోడ్ వైపు మా వాడలో ఎండ తిరిగాక నలుగురైదుగురు ఒక గడపలో చేరతారు. చేతులకు తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీ. ఆ చెవుల కోసం టీవీ సీరియళ్లు, ఫోన్లలో రీళ్లు పోటీ పడుతుంటాయి. వాటి మధ్యలోకి నేనొక నవల పట్టుకుని దిగాను.

నవల సుసాన్ అబుల్‌హవా రాసిన ‘మార్నింగ్స్ ఇన్ జెనిన్’. 2006లో వేరే పేరుతో వచ్చి, 2010లో ఈ పేరుతో మళ్లీ అచ్చయింది. రచయిత్రి తల్లిదండ్రులు 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో కాందిశీకులయినవాళ్లు. పాలస్తీనాలోని ఐన్ హోద్ అనే ఊరిలో ఆలివ్ తోటలు చేసుకుని బతికే అబుల్‌హెజా కుటుంబం 1948లో ఇజ్రాయెల్ సైన్యం తరిమేయగా ఊరు విడిచి జెనిన్ శరణార్థి శిబిరానికి చేరడం, అక్కడి నుంచి నాలుగు తరాలు ఏ గుడారం కింద ఎట్లా బతికాయన్నది కథ. ఇంగ్లిష్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఒక్కో అధ్యాయం ముందే చదివి పెట్టుకుని, మా వాడ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. నవలలోనూ ఒక తండ్రి ఉన్నాడు. హసన్ అతని పేరు. తెల్లవారుజామున కూతురు అమల్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని కవిత్వం చదివి వినిపిస్తాడు. పేరులోని ఆ ఉదయాలు ఇవే.

చెప్పడం మొదలుపెట్టాకే ఆ పుస్తకంలో ఏది గట్టిదో ఏది పలచనో తెలిసింది. అబుల్‌హవా వాక్యాల్లో కవిత్వం కాస్త ఎక్కువే. కళ్లతో చదివినప్పుడు బాగుంటుంది, గొంతెత్తి చెబితే జారిపోతుంది. ముసలి యహ్యా దొంగచాటుగా సొంత ఊరికి పోయి తన చెట్ల అత్తిపండ్లు, ఆలివులు కోసుకుని శిబిరానికి తేవడం మాత్రం ఎవరూ మరిచిపోలేదు. తన తోటలో తానే దొంగ. రెండోసారి పోయినప్పుడు కాల్చేస్తారు. ఆ రోజు గడపలో ఒక పెద్దవ్వ చుడుతున్న బీడీ చాటలో పడేసి, “సొంత చెట్టు పండుకు పానం దీసిన్రా?” అంది. సగం పుటలు నేను చెప్పకుండా దాటేసినా కథ నిలబడింది. పండ్లు, పిల్లాడి మొహం మీది మచ్చ, తల్లి పాదాల గొలుసు లాంటివే దాన్ని మోశాయి.

తారీఖుల దగ్గర ఇబ్బంది పడ్డాను. 1967 అంటే ఎవరికీ పట్టదు. కోయ్నా భూకంపం వచ్చిన యేడు అన్నాను, ఇంట్లో గిన్నెలు కదిలిన సంగతి పెద్దవాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. బీరుట్‌లో సబ్రా, షతీలా శిబిరాల్లో ఊచకోత జరిగిన 1982, బొంబాయి మిల్లుల సమ్మె యేడు. అది చెప్పనక్కర్లేదు, గిరణీ మూతపడి బొంబాయి నుంచి పెట్టె సర్దుకుని వచ్చిన మామలో బావలో మా వాళ్లలో చాలామందికి ఉన్నారు. ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య ఓస్లో ఒప్పందం మీద సంతకాలయిన 1993 సెప్టెంబర్ మాకు కిల్లారి భూకంపం నెల. నవల రాసినామె ఈ గుర్తులు చూస్తే ఏమనేదో గాని, మా గడపలో కథ నిలబడ్డది వీటి మీదే.

అన్నిటికంటే ఎక్కువ వాదన ఇస్మాయిల్ మీద జరిగింది. ఊరు ఖాళీ చేస్తున్న గందరగోళంలో తల్లి దాలియా చంకలోని పసివాణ్ణి ఒక ఇజ్రాయెలీ సైనికుడు ఎత్తుకుపోతాడు. పిల్లలు పుట్టే యోగం లేని తన భార్య యొలాంటా ఒళ్లో పెడతాడు. నాజీ శిబిరాల్లో అందరినీ పోగొట్టుకుని బతికి బయటపడిన మనిషి ఆమె. పిల్లాడు దావీదుగా పెరిగి, సైనికుడై, తన సొంత అన్ననే కొడతాడు. ఇక్కడికొచ్చాక ఒకామె యొలాంటాను గట్టిగానే తిట్టింది. ఇందాకటి పెద్దవ్వే అడ్డుపడింది. “ఆమెనెందుకు తిడ్తవే? ఆమెది కాలిపోయిన కడుపు. తెచ్చినోణ్ణి తిట్టు. తెచ్చినోనికి తుపాకి ఇచ్చినోణ్ణి తిట్టు.” ఈ నవల మీద నేను చదివిన సమీక్షలేవీ ఇంత సూటిగా లేవు. 1969లో గస్సాన్ కనఫానీ ‘రిటర్నింగ్ టు హైఫా’లో మొదట రాసింది ఇట్లాంటి పిల్లాడి కథే. అబుల్‌హవా ఆ దారానికి తన దారం ముడేసింది. కనఫానీని 1972 జూలైలో బీరుట్‌లో కారు బాంబుతో చంపారు, పక్కన మేనకోడలు కూడా ఉంది.

ఆలివ్ చెట్ల గురించి విని విని విసిగి, ఒక చిన్నమ్మ అడిగింది. “అంతా చెట్లేనా అక్కా? ఆళ్ల తాన సాలోళ్లు లేరా? మగ్గాలేడ వోయినయ్?”

నవలలో దానికి జవాబు లేదు, చరిత్రలో ఉంది. గాజాకు ఉత్తరాన, సముద్రం పక్కన మజ్దల్ అనే ఊరు నేతకు పేరుమోసింది. మగవాళ్లు కాలితో తొక్కే మగ్గాల మీద నేసేవాళ్లు. వాళ్ల బట్ట చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ల గౌన్లకు పోయేది. నల్లటి, నీలిమందు రంగు నూలు బట్టకు అంచుల్లో గులాబీ, ఆకుపచ్చ చారలు. ఒక రకం చారల బట్టకు ‘స్వర్గం, నరకం’ అని పేరు, ఆకుపచ్చ స్వర్గానికి, ఎరుపు నరకానికి. 1948 నవంబర్‌లో ఇజ్రాయెల్ సైన్యం మజ్దల్‌ను పట్టుకుంది. చాలామంది అప్పటికే గాజాకు పారిపోయారు. మిగిలినవాళ్లను కంచె వేసిన వాడలో ఉంచి, 1950లో వాళ్లనూ గాజాకు పంపేశారు. మజ్దల్ ఇప్పుడు అష్కెలాన్. సాలోళ్లు గాజా శిబిరాల్లో మళ్లీ మగ్గాలు బిగించుకున్నారు. పుట్టిన ఊరు పాతిక కిలోమీటర్ల లోపే ఉంది, పోవడానికి లేదు.

ఇది చెప్పిన రోజు ఎవరూ ఏడవలేదు. అడిగినవన్నీ పని గురించే. పన్నెలో ఎన్ని పోగులు, రంగు ఎవరు వేసేవారు, కండెలు ఎవరు చుట్టేవారు, గాజాలో నూలు ఎక్కడ దొరికేది. నాకు తెలిసినవాటికే జవాబు చెప్పాను. సానుభూతి కంటే ఈ ప్రశ్నలే ఎక్కువ మర్యాద అని నాకనిపించింది. శరణార్థి అనగానే పేపర్లో మనకు కనబడేది చాచిన చెయ్యి. ఈ ఆడవాళ్లకు పని తెలిసిన చెయ్యి కనబడింది.

అయితే ఇక్కడొక చిక్కుంది. “మన బతుకూ గదే గదా” అని గడపలో ఎవరో ఒకరు అనకుండా ఏ పూటా గడవలేదు. మొదట్లో నాకూ ఆ మాట తియ్యగానే ఉండేది. మన పెద్దలూ కదిలి వచ్చినవాళ్లే. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్‌కు రైలు పడింది. 1877లో షోలాపూర్‌లో బట్టల మిల్లు వచ్చింది, జనం పాత మిల్లు అనేది దాన్నే. అవే కరువు సంవత్సరాలు. తెలంగాణలో మిల్లు బట్ట చేతిమగ్గాన్ని కొట్టింది. దొరల గడీకి ఊరికే బట్ట ఇవ్వాల్సిన వెట్టి ఉండనే ఉంది. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి కుటుంబాలు వాడి, హోట్గి మీదుగా దిగాయి. మార్కండేయుడి గుడి కట్టుకున్నారు, రాఖీ పున్నానికి రథం తీస్తారు. మున్సిపాలిటీకి, అసెంబ్లీకి, గంగాధర్ కూచన్ లాంటివాళ్లను పార్లమెంటుకు కూడా పంపారు.

కష్టం ఉంది, నిజమే. కానీ మన కష్టానికి తిరుగు టికెట్ ఉంది. సిరిసిల్లలో పెళ్లంటే రాత్రి బస్సెక్కి పోయి వస్తాం. ఊళ్లో కూలిన గోడయినా మనదే, ఎవరూ తుపాకి పట్టుకుని కాపలా లేరు. ఆకలి తోలుకొచ్చింది మనల్ని, వాళ్లను సైన్యం తోలింది. రెండూ ఒకటే అంటే వాళ్ల దుఃఖాన్ని మన దుఃఖానికి అంచుగా కుట్టుకున్నట్టే. ఆ మాట గడపలో చెప్పాను. కొందరికి నచ్చలేదు.

మన దగ్గర వాళ్ల కథకు నిజంగా దగ్గరగా వచ్చేది వేరే ఉంది, దాన్ని మనం మాట్లాడుకోం. అది కూడా 1948దే. రజాకార్లకు భయపడి నిజాం రాజ్యం పల్లెల నుంచి జనం సరిహద్దు దాటి షోలాపూర్ వైపు వచ్చారు. ఆ మాట మన ఇళ్లలో చెబుతారు. సెప్టెంబర్ 13న మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి నడిపిన భారత దళాలు షోలాపూర్ నుంచే నల్దుర్గ్ మీదుగా హైదరాబాద్ దారి పట్టాయి. అయిదు రోజుల్లో పోరు అయిపోయింది. ఆ తర్వాత సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఆ ఏడాది చివర్లో తిరిగి చూసిన, ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ, ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద దాడులు అన్నిటికంటే ఘోరంగా జరిగాయని రాసింది. మొత్తం రాజ్యంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. అప్పటి ఉస్మానాబాద్ ఎక్కడో లేదు, మన పక్క జిల్లానే.

మా గడపలో బీడీలు చుట్టే ఒక ముస్లిం అక్క ఉంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు దక్కనీలో ఇస్తుంది. నవల సగం దాటేదాకా ఆమె ఏమీ అనలేదు. ఒకరోజు యహ్యా తోట మాట మళ్లీ వచ్చినప్పుడు, తన నాయనమ్మ నల్దుర్గ్ దిక్కు పల్లె నుంచి రాత్రికి రాత్రి వచ్చిందని, అక్కడ చింతచెట్టు ఉండేదని చెప్పింది. ఇన్నేళ్లుగా పక్కపక్కన కూర్చున్నవాళ్లలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఎవరూ అడగలేదు మరి. పాలస్తీనా నవల చదివితే జరిగే మేలు ఏమిటని అడిగే మిత్రులకు నా దగ్గర ఉన్న సమాధానం ఈ చింతచెట్టే.

నవల 2002 ఏప్రిల్‌లో జెనిన్ శిబిరం మీద జరిగిన దాడి దాకా నడుస్తుంది. ముగింపు ఇక్కడ చెప్పను. గడపలో మాత్రం చెప్పాను, ఆ రోజు లెక్క పూర్తికాక రెండిళ్లలో రాత్రి దీపం పెట్టుకుని చుట్టారు. పుస్తకం మూశాక “ఇప్పుడేడున్నరు ఆళ్లు?” అని అడిగారు. 2025 జనవరిలో ఇజ్రాయెల్ సైన్యం మళ్లీ జెనిన్ శిబిరంలోకి దిగి, ఇళ్లు కూల్చి, జనాన్ని వెళ్లగొట్టిందని చెప్పాను. శిబిరం నుంచి కూడా తరిమేస్తారని నవలాకారిణి ఊహించి ఉండదు.

ఇక నా విన్నపం ఒకటి. 1948లో పదేళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డారు. షోలాపూర్‌లో గాని, తుల్జాపూర్, నల్దుర్గ్, అక్కల్‌కోట్ వైపు గాని మీ ఇంట్లో అట్లాంటి వాళ్లుంటే, హిందువులైనా ముస్లింలైనా, ఈ దీపావళి లోపల కూర్చోబెట్టి అడగండి. ఏ ఊరు, ఏ దారిన వచ్చారు, వెంట ఏం తెచ్చుకున్నారు, మగ్గమో చెట్టో ఏది వదిలేశారు, మళ్లీ పోయి చూశారా. వాళ్లు చెప్పింది చెప్పినట్టే నోట్‌బుక్‌లో రాయండి. తెలుగులోనే రాయాలని లేదు, మరాఠీ అయినా దక్కనీ అయినా సరే. ఈ పత్రిక చిరునామాకు పంపితే తర్వాతి నవల కంటే ముందు మా గడపలో వాటినే చదువుతాను.