మట్టి రంగులో ఒక రాత్రి భోజనం

సామాన్యుల ఇంటి పనులనూ తిండితిప్పలనూ వస్తువుగా తీసుకునే చిత్రాలను కళాచరిత్రలో ‘జానర్’ చిత్రాలు, అంటే నిత్యజీవన చిత్రాలు అంటారు. 17వ శతాబ్దపు హాలెండులో వర్ధిల్లిన ఈ శాఖకు ఐరోపా కళాపీఠాలు పౌరాణిక, చారిత్రక చిత్రాలకన్నా తక్కువ స్థానమే ఇచ్చినా, 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో మిలే, హాలెండులో యోజెఫ్ ఇస్రాయెల్స్ రైతు జీవితాన్ని చిత్రించి దానికి గాంభీర్యం తెచ్చారు. వారిద్దరినీ ఆరాధించిన విన్సెంట్ వాన్ గో 1885 వసంతంలో నూనెన్ గ్రామంలో వేసిన ‘బంగాళాదుంపలు తినేవాళ్లు’ ఆ వరుసలోనిదే అయినా, చూసేవారికి ముచ్చట గొలిపే పల్లెటూరి సొగసు అందులో మచ్చుకైనా లేదు.

82 సెంటీమీటర్ల ఎత్తు, 114 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆ చిత్రంలో, వేలాడే నూనె దీపం కింద, చిన్న బల్ల చుట్టూ ఐదుగురు కూర్చున్నారు. ఒకే పళ్లెంలోని దుంపలను ఇద్దరు ఫోర్కులతో అందుకుంటుండగా, కుడిపక్కన ఒక ముసలామె కప్పుల్లో కాఫీ పోస్తోంది. వీపు ఇటు పెట్టిన బాలిక ఆకారం చుట్టూ వేడి దుంపల ఆవిరి వెలుగంచులా పరుచుకుంది. కణుపులు తేలిన ఆ చేతులే నేలను తవ్వి ఈ తిండిని సంపాదించాయని చూపడమే తన ఉద్దేశమని చిత్రకారుడు తమ్ముడు థియోకు రాశాడు.

చిత్రమంతా కమ్ముకున్న చీకటి నల్లరంగు పూస్తే వచ్చింది కాదు. ఎరుపు–ఆకుపచ్చ, నీలం–నారింజ వంటి జతలను పరిపూరక వర్ణాలంటారు. పక్కపక్కన ఉంచితే ఒకదాని కాంతిని మరొకటి పెంచే ఈ రంగులే, కలిపితే పరస్పరం తీవ్రతను చంపుకుని బూడిద, గోధుమ ఛాయలుగా మారతాయి. ఫ్రెంచి చిత్రకారుడు డెలాక్రువా పద్ధతుల గురించి చదివి వాన్ గో వంటబట్టించుకున్న సూత్రమిది. బట్టల తెలుపు కూడా ఎరుపు, నీలం, పసుపు కలిసిన ముదురు బూడిద రంగే. చుట్టూ ఉన్నవి అంతకన్నా ముదురు కావడం వల్లే అది తెల్లగా కనిపిస్తుంది. ముఖాలను మొదట లేత రంగులో వేసి, అది నప్పలేదని, పొట్టు తీయని, మట్టి అంటిన దుంప రంగులో మళ్లీ దిద్దాడు. ఇంత ముదురు చిత్రానికి బంగారు చట్రమో, పండిన గోధుమ చేను రంగు గోడో కావాలని కోరింది కూడా ఈ లెక్కతోనే.

దీని లితోగ్రాఫును, అంటే రాతి అచ్చు ప్రతిని, చూసిన మిత్రుడు ఆంటన్ వాన్ రప్పార్డ్ కాఫీ పోసే చేతికీ పాత్రకూ పొంతన లేదని, కుడివైపు మనిషికి మోకాలూ పొట్టా లేవని గట్టిగా విమర్శించాడు. శరీర నిర్మాణం దృష్ట్యా ఆ విమర్శ న్యాయమైనదే. అయితే శీతాకాలమంతా పదుల కొద్దీ రైతుల ముఖాలను ఎదుట కూర్చోబెట్టుకుని వేసిన చేయి, తుది చిత్రాన్ని చాలామటుకు జ్ఞాపకం నుంచే రూపొందించింది. కొలతలు తప్పినచోటే పనిలో అరిగిన దేహాల బరువు తెలుస్తుంది. 1887లో పారిస్ నుంచి చెల్లెలికి రాస్తూ తన పనుల్లో ఇదే మేలైనదన్న వాన్ గో, 1890లో దీన్ని తిరిగి వేయాలనుకుని పాత చిత్తు బొమ్మలను పంపమన్నాడు. కొత్తగా కొన్ని రేఖాచిత్రాలు గీశాడు గాని, ఆ జూలైలోనే మరణించడంతో రంగుల దాకా రాలేదు.