కబ్జాలో బతికిన గుడి

చాలామందికి సిరాక్యూజ్ అంటే ఆర్కిమెడిస్, అంతే. స్నానపు తొట్టిలోంచి లేచి వీధిలోకి పరుగెత్తాడని చెప్పుకునే మనిషి ఊరు. ఆయన గ్రీకువాడు గనక ఊరు కూడా గ్రీసులోదే అయ్యుంటుందని ఎవరికైనా తోస్తుంది. కానీ అది ఇటలీలో ఉంది, సిసిలీ ద్వీపానికి ఆగ్నేయపు అంచున. క్రీ.పూ. 8వ శతాబ్దంలో కోరింథు నుంచి ఓడల మీద వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు. మూడు వందల ఏళ్లు తిరిగేసరికి ఏథెన్స్ పంపిన నౌకాదళాన్నే మట్టి కరిపించేంత ఎదిగింది.

జర్మనీలో ఉంటున్న మాలాంటివాళ్లకి అది శనాదివారాల్లో వెళ్లొచ్చే దూరమే. శుక్రవారం రాత్రికి కతానియాలో విమానం దిగడం, ఎట్నా కొండని వెనక వదిలేసి బస్సులో గంట పైచిలుకు దక్షిణంగా పోవడం. ఆదివారం రాత్రికి ఇంట్లో ఉండొచ్చు, సోమవారం పొద్దున ఆఫీసులో ఆవలించొచ్చు.

శిథిలాలు చూడటంలో మొగుడూపెళ్లాలిద్దరిదీ ఒకే తీరైతే గంటలో విసుగొస్తుంది. మా ఇద్దరి తీరూ ఒకటి కాదు. నాకు బోర్డులు చదివే జబ్బు. ఎవరు కట్టించారు, ఎవరు తగలబెట్టారు, ఎవరి కూతుర్ని ఎవరికిచ్చి చేశారు, అన్నీ కావాలి. మావారు భవనాల ఇంజనీరు, రాజులతో పని లేదు. గోడ ముందు నిలబడితే ముందు పునాది చూస్తారు, తర్వాత రాయికీ రాయికీ మధ్య అతుకు చూస్తారు, చివరికి ఎప్పుడూ అడిగే ప్రశ్న అడుగుతారు: "సరే, మిగతా రాయి ఏమైనట్టు?"

పెళ్లైన కొత్తలో ఈ ప్రశ్న నాకు ఒళ్లుమంట తెప్పించేది. ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా లేనిదాన్ని వెతకడమేమిటని. పోనుపోను నాకూ అదే అలవాటైంది. ఆలోచించండి, రాయి ఆవిరైపోదు. వానకీ గాలికీ అరిగేది కొంతే. భూకంపానికి కూలిన రాయి కూలినచోటే పడుంటుంది, ఎవరో బండికెత్తేదాకా. అందుకని ఇప్పుడు మా పద్ధతి ఇదే: గైడు చెప్పిన వరసలో కాదు, రాయి ప్రయాణించిన వరసలో ఊరు తిరుగుతాం. సిరాక్యూజ్‌లో ఈ పద్ధతి కుదిరినట్టు ఇంకెక్కడా కుదరలేదు. ఎందుకంటే అక్కడ రాయి పుట్టిన చోటు, వాడిన చోటు, దొంగిలించి మళ్లీ వాడిన చోటు, అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి.

శనివారం పొద్దున నెయాపొలిస్ పార్కు గేటు తీయగానే జనమంతా రంగస్థలం వైపు పోతారు. మేం ముందు గుంటలోకి దిగాం. ఇలాంటి గుంటల్ని లతోమియే అంటారు, రాతి క్వారీలు. ఊరి గుళ్లకీ గోడలకీ కావలసిన సున్నపురాయి ఇక్కణ్నించే తీశారు. ఇప్పుడు అడుగున నిమ్మచెట్లు, నారింజచెట్లు. ఒకప్పుడు చాలా భాగానికి పైన రాతి కప్పు ఉండేది, లోపల స్తంభాలు వదిలేసి గుహల్లా తొలిచారు. భూకంపాలకి ఆ కప్పు కూలి, గుంట ఆకాశానికి తెరుచుకుంది.

అందులో ఒక మూల 'డయోనిసియస్ చెవి' ఉంది. 23 మీటర్ల ఎత్తు, 65 మీటర్ల లోతు, పైకి పోయేకొద్దీ సన్నబడి వంకర తిరిగిన గుహ. ఆ పేరు పెట్టింది 1608లో ఇక్కడికి వచ్చిన చిత్రకారుడు కారవాజ్యో అని చెబుతారు. నియంత డయోనిసియస్ పైనుంచి చెవి పెట్టి ఖైదీల గుసగుసలు వినేవాడని కథ. కథని నమ్మినా నమ్మకపోయినా లోపలికెళ్లిన ప్రతివాళ్లూ అరుస్తారు, ప్రతిధ్వని కోసం. ఇటాలియన్ స్కూలు పిల్లలు అరిచారు, నేనూ అరిచాను. మావారు గోడ మీద అడ్డంగా సాగిన గీతల దగ్గర నిలబడ్డారు. "పైనుంచి కిందికి తవ్వుకుంటూ వచ్చారు, చూడు. ఒక్కో గీతా ఒక్కో వరస రాయి. చుట్టూ గాడి కొట్టి, చెక్క మేకులు దిగేసి, నీళ్లు పోస్తే ఉబ్బి రాయి విడిపోతుంది." అలా చూస్తే ఆ గోడ ఊరికి పద్దు పుస్తకం. ఎంత కట్టారో ఇక్కడ ఖాళీగా కనిపిస్తుంది.

ఈ గుంటల్లోకి నేను మాత్రం మనుషుల కోసమే దిగాను. క్రీ.పూ. 413లో ఓడిపోయిన ఏథెన్స్ సైన్యంలో పట్టుబడ్డవాళ్లని, కనీసం ఏడు వేలమందిని, ఇలాంటి క్వారీల్లో పడేశారు. చరిత్రకారుడు థుసిడిడిస్ రాశాడు: పగలు నీడ లేని ఎండ, శరత్కాలపు రాత్రుల చలి, చచ్చినవాళ్ల కుప్పల మధ్యే బతికున్నవాళ్లు. మనిషికి రోజుకి మన కొలతలో దాదాపు పావు లీటరు నీళ్లు, దానికి రెట్టింపు కొలత ధాన్యం, ఎనిమిది నెలలపాటు. ఐదు వందల ఏళ్ల తర్వాత ప్లూటార్క్ మరో ముక్క చేర్చాడు. సిసిలీ జనానికి యూరిపిడీస్ నాటకాలంటే పిచ్చి, ఆయన పద్యాలు అప్పజెప్పగలిగిన ఖైదీల్ని కొందరిని వదిలేశారట. వాళ్లు ఇల్లు చేరి నేరుగా యూరిపిడీస్ దగ్గరికెళ్లి దండం పెట్టుకున్నారట. పద్యం కంఠతా పట్టించే మాస్టార్లని తిట్టుకున్న తరం నాది. ఈ సంగతి ఆ మాస్టార్లకి తెలిసుంటే మా పని ఇంకో నాలుగింతలయ్యేది.

క్వారీ పైనే రంగస్థలం. దీన్ని చాలావరకు కట్టలేదు, కొండవాలుని చెక్కి తీశారు. అడ్డంగా 138 మీటర్లు, మొదట 67 వరుసల మెట్లు. ఇప్పటి రూపం క్రీ.పూ. 3వ శతాబ్దంలో రెండో హైరాన్ రాజు ఇచ్చినది. మధ్య నడవా గోడ మీద ఆయన పేరూ రాణి ఫిలిస్టిస్ పేరూ చెక్కిన అక్షరాలు కొంత ఇప్పటికీ కనిపిస్తాయి. అంతకు ముందే ఈ ఊళ్లో ఈస్కిలస్ తన 'పర్షియన్లు' నాటకాన్ని ఆడించాడు. ఇవన్నీ నేను చదివి వినిపిస్తుండగా మావారు పై వరుసలు లెక్కపెడుతున్నారు. కింద కొండలో చెక్కినవి ఉన్నాయి, పైన విడి రాళ్లతో పేర్చినవి లేవు. కొండని ఎత్తుకుపోలేరు గనక కొండ మిగిలింది. పేర్చిన రాయి 16వ శతాబ్దంలో పోయింది. ఐదో చార్లెస్ చక్రవర్తి కాలంలో తురకల ఓడల భయానికి స్పెయిన్ వాళ్లు పాత ఊరున్న ఒర్టీజియా ద్వీపం చుట్టూ కోటగోడలు లేపారు. చేతికందిన రాయి ఇది. పక్కనే హైరాన్ కట్టించిన బలిపీఠం, 198 మీటర్ల పొడవు, ఒక్క పండగకి 450 ఎద్దుల్ని కోసేవారంటారు. దాని రాయీ అదే దారిన పోయింది, పీట మాత్రం మిగిలింది.

మరి ఆ కోటగోడలు? వాటిలో చాలా భాగాన్ని 19వ శతాబ్దం చివర్లో కూల్చేశారు, ఊరు పెరగడానికి అడ్డమని. నాటకం చూసినవాళ్ల కింద మెట్టైన రాయి, ఫిరంగికి అడ్డుగోడై, మళ్లీ రాళ్లకుప్పై ఇంకెక్కడికో పోయింది.

మధ్యలో ఒక తగాదా. 1914 నుంచి ఈ రంగస్థలంలో ప్రాచీన నాటకాలు మళ్లీ ఆడుతున్నారు, యుద్ధాలప్పుడు ఆపి మళ్లీ మొదలుపెట్టి. నాటకాల కాలంలో రాతిమెట్ల మీద చెక్క పరుస్తారు. మేం వెళ్లినప్పుడు సగం మెట్లు చెక్క కిందే ఉన్నాయి. ఇంత దూరం వచ్చింది చెక్కబల్లలు చూడటానికా అని నా ఏడుపు. మావారి వాదన వేరు: "మెట్లున్నది కూర్చోడానికే. కూర్చోకపోతే గడ్డి మొలుస్తుంది." అప్పుడు నాకు ఒళ్లుమండింది గానీ, మధ్యాహ్నానికి ఆ మాటకి జవాబు చెప్పలేని చోటికి వచ్చిపడ్డాం.

ఒర్టీజియా చిన్న ద్వీపం, పాత ఊరంతా దాని మీదే. వంతెన దాటగానే అపోలో గుడి. క్రీ.పూ. 6వ శతాబ్దం మొదట్లోది, సిసిలీలో రాతి స్తంభాలతో కట్టిన డోరిక్ గుళ్లలో మొదటివాటిలో ఒకటి. ఒక్కో స్తంభం ఒకే బండ. ఇది తర్వాత చర్చి అయింది, అరబ్బుల కాలంలో మసీదు అయింది, నార్మన్లొచ్చాక మళ్లీ చర్చి, స్పెయిన్ వాళ్లకి సైనికుల బారకాసు. 20వ శతాబ్దంలో తవ్వకాలవాళ్లు పైన చేరినదంతా ఒలిచేసి 'అసలు' గుడిని బయటికి తీశారు. ఫలితం? పల్లంలో రెండు నిండు స్తంభాలు, కొన్ని మొండేలు, ఒక గోడ ముక్క, చుట్టూ ఇనుప కంచె. పక్కవీధిలో బజారు హోరెత్తిపోతుంటుంది. కత్తిచేప తల నిలబెట్టి అమ్మేవాడు, పిస్తా రుచి చూపించి కొనిపించేవాడు, టమాటాల పాట పాడేవాడు. ఆ జనంలో ఒక్కరూ కంచె వైపు చూడరు.

పది నిమిషాలు నడిస్తే ఎథీనా గుడి. దాన్ని వెతికితే దొరకదు. కెథీడ్రల్ దొరుకుతుంది. తెల్లటి చౌకు, 18వ శతాబ్దంలో ఆంద్రేయా పాల్మా మొదలుపెట్టిన ముఖద్వారం, మెలితిరిగిన అలంకారాలు. ముందునుంచి చూసి ఐస్‌క్రీం తిని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. పక్క సందులోకి తిరగండి. చర్చి గోడలోంచి డోరిక్ స్తంభాలు పక్కటెముకల్లా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. క్రీ.పూ. 480లో హిమేరా దగ్గర కార్తేజ్ వాళ్ల మీద గెలిచాక సిరాక్యూజ్ నియంత గెలోన్ కట్టించిన గుడి అది, 6 స్తంభాల వెడల్పు, 14 స్తంభాల పొడవు. దాని తలుపుల మీది బంగారం, దంతం ఊడదీసుకుపోయాడని రోమన్ గవర్నర్ వెర్రెస్‌ని సిసెరో కేసు కోసం రాసిన ప్రసంగాల్లో ఉతికి ఆరేశాడు.

7వ శతాబ్దంలో బిషప్పు జోసిమో ఇక్కడికి మారాడు. ఆయన మేస్త్రీలు చేసిన పని చూస్తుంటే మావారి మొహం వెలిగిపోయింది. గుడికి చుట్టూ స్తంభాలు, మధ్యలో గోడలతో గర్భగుడి ఉంటుంది కదా. చర్చికి లోపల తెరిపి కావాలి, బయట మూత కావాలి. అంటే గుడికి సరిగ్గా తిరగేసిన నమూనా. కాబట్టి స్తంభాల మధ్య ఖాళీల్ని గోడ పెట్టి పూడ్చేశారు, గర్భగుడి గోడల్ని ఒక్కో వైపు ఎనిమిది కమానులుగా కోసేశారు. అయిపోయింది, చర్చి సిద్ధం. "ఎంత పొదుపు!" అన్నారు మావారు. నాకు తెలిసినంతలో ఆయన భాషలో అంతకు మించిన పొగడ్త లేదు. 1693 భూకంపానికి ముఖద్వారం కూలింది. అంతకు ముందు భూకంపాలకి కొన్ని స్తంభాలు వరస తప్పి పక్కకి జరిగాయి. జరిగి ఆగాయి, మధ్యలో గోడ పట్టుకుంది కాబట్టి. లోపల ఆ వంకర స్తంభాల నీడలో ఒక ముసలావిడ మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుంటోంది. రెండున్నర వేల ఏళ్లుగా ఆ చోట మొక్కులు దాదాపు ఆగలేదు. మొక్కించుకునేవాళ్లు మారారు.

మన భాషలో చెప్పాలంటే అది కబ్జా. ఎథీనా గుడిని బిషప్పు కబ్జా చేశాడు, కబ్జా వల్లే గుడి మిగిలింది. విడిపించిన అపోలో గుడి కంచెలో రెండు స్తంభాలతో నిలబడింది. ఈ రెంటినీ ఒకే మధ్యాహ్నం చూశాక 'అసలు రూపం' అనే మాట మీద నాకు మోజు పోయింది. కబ్జా చేసినవాళ్లంతా మంచివాళ్లని కాదు. జోసిమో మేస్త్రీ ఆ గోడలు కోసేటప్పుడు ఎథీనా భక్తుడెవడైనా మిగిలుంటే వాడి గుండె కోసినట్టే ఉండుంటుంది.

ఆదివారం విడిపోయాం. ఇద్దరూ కలిసి శిథిలాలు చూడాలంటే కొన్ని గంటలు విడిగా చూడాలని నా గట్టి నమ్మకం. ఆయన డయోనిసియస్ కట్టించిన యూరియలస్ కోట చూడటానికి సిటీబస్సెక్కారు. నేను అరెతూసా ఊట గట్టున కూర్చున్నాను. సముద్రం పక్కనే మంచినీటి ఊట, అందులో పాపిరస్ గడ్డి, బాతులు. ఆర్కిమెడిస్ సమాధి మాత్రం వెతక్కండి. క్రీ.పూ. 75లో సిసెరో ముళ్లపొదల్లో దాన్ని కనిపెట్టాడు, గోళమూ సిలిండరూ చెక్కిన చిన్న స్తంభం చూసి. తర్వాత మళ్లీ పోయింది. ఇప్పుడు ఆ పేరుతో చూపించేది రోమన్ల కాలం నాటి వేరే సమాధి.

తిరుగు బస్సులో మావారు అమరావతి ఎత్తారు. ఆయనది నరసరావుపేట, చిన్నప్పుడు స్కూలువాళ్లు తీసుకెళ్లారట. బౌద్ధ స్తూపం ఉండాల్సిన చోట మట్టిదిబ్బ చూసి ఆ 'మిగతా రాయి' ప్రశ్న మొదటిసారి అప్పుడే పుట్టిందట. దానికి జవాబు తెలిసిందే. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు సర్వేయరు మెకంజీ వెళ్లేసరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త ఊరి కోసం ఇటుకా రాయీ తీయిస్తున్నాడు. చెక్కడాలున్న పలకల్ని కాల్చి సున్నం చేశారు. మిగిలినవాటిలో చాలావరకు చెన్నైకీ లండన్‌కీ పోయాయి. అది వాడకమా దోపిడీయా అని కతానియా దాకా వాదించుకున్నాం. గోడలో పెట్టిన రాయిని ఎప్పటికైనా తిరిగి చూడొచ్చు, సున్నం చేసిన రాయిని చూడలేం, తేడా అక్కడుంది అన్నాను నేను. ఆయన ఒప్పుకోలేదు. కట్టేవాడికి సున్నం కూడా కావాలిగా అన్నారు.

"మరి మీ వైపే చేజర్లలో కపోతేశ్వరాలయం ఉంది కదండీ?" అన్నాను. అది బౌద్ధుల ఇటుక చైత్యం. వెనకవైపు గుండ్రంగా తిరిగి, పైన ఏనుగు వీపులా వంపు తిరిగిన కప్పుతో. బౌద్ధులు పోయాక శివుడొచ్చాడు, పూజ సాగింది, కప్పు నిలిచింది. మనదేశంలో అలా నిలబడి ఉన్న ఇటుక చైత్యాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సిరాక్యూజ్ దాకా వచ్చి బిషప్పు మేస్త్రీని మెచ్చుకున్న మనిషి, నరసరావుపేటకి అంత దగ్గర్లో ఉన్న ఆ గుడి గడప ఇంతవరకూ తొక్కలేదు. ఎందుకంటే, "మన పక్కనే కదా, ఎప్పుడైనా చూడొచ్చు" అన్నారు.