గుడ్డు కాలికి, పథ్యం నోటికి

చిత్తూరు సీమలో పుత్తూరు ఎముకల కట్టుకు పెట్టింది పేరు. ఆ కట్టులో ఆకుపసరుతో పాటు కోడిగుడ్డు తెల్లసొనకీ చోటుంది. కాలికి పూసినంతసేపూ దానిమీద ఎవరికీ అనుమానం రాదు. అదే గుడ్డు ఉడకబెట్టి మంచంలో ఉన్న మనిషి చేతిలో పెట్టి చూడండి, ఇంటిల్లిపాదీ లేస్తారు. "చీము పట్టదూ?" పప్పు, మాంసం, వంకాయ, గోంగూర, పులుపు అన్నింటిదీ అదే నేరం. కుట్లు విప్పేదాకా చారన్నం, బ్రెడ్డు, పాలు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఏ ప్రభుత్వాసుపత్రి ఆర్థో వార్డులోనైనా ఇదే వరస. బైకు మీంచి పడి కాలు విరిగిన కుర్రాడికి తల్లి క్యారియర్ విప్పుతుంది. పై గిన్నెలో మిరియాల చారు, కింద గిన్నెలో మెత్తటి అన్నం, ఇంత బీరకాయ కూర. ఆమె తనకని తెచ్చుకున్న చిన్న డబ్బాలో మామిడికాయ పప్పు ఉంటుంది. వాడు అటు చూస్తే చాలు, "నీక్కాదు నాన్నా" అని మూత పెట్టేస్తుంది.

ఆమె ప్రేమకు వంక పెట్టలేం గానీ లెక్క మాత్రం కుదరదు. 60 కిలోల మనిషి ఏ దెబ్బా తగలకుండా ఇంట్లో కూర్చున్నా రోజుకు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. పెద్ద గాయమో, పడకపుండో ఉంటే కిలో బరువుకు 1.25 నుంచి 1.5 గ్రాములు, అంటే 75 నుంచి 90 గ్రాములు. పథ్యం క్యారియర్‌లో ఏముంది? రెండు పూటలా అన్నం, నాలుగు బ్రెడ్డు ముక్కలు, రెండు గ్లాసుల పాలు. అన్నీ కలిపినా 35 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది.

మిగతాది ఎక్కణ్నుంచి వస్తుంది? ఒంట్లోంచే. 1930 ప్రాంతంలో గ్లాస్గో ఆసుపత్రిలో డేవిడ్ కత్బర్ట్‌సన్ అనే పరిశోధకుడు ఎముకలు విరిగినవాళ్ల మూత్రాన్ని రోజుల తరబడి పరీక్షించాడు. నత్రజని విపరీతంగా పోతోంది. కట్టులో ఉన్న కాలి కండ ఒక్కటే కరిగితే అంత పోదు. విరిగింది ఒక ఎముకే అయినా ఒళ్లంతా ఉన్న కండ కరుగుతోందన్నమాట. నెల తర్వాత కట్టు విప్పితే మనిషి సగమైపోవడానికి మంచాన పడి ఉండటం ఒక్కటే కారణం కాదు.

ఇక చీము సంగతి. గాయంలో సూక్ష్మజీవులు చేరితే వాటితో పోరాడి చచ్చిన తెల్ల రక్తకణాలే చీములో చాలా భాగం. ఆ కణాలు తయారవడానికీ ప్రొటీనే కావాలి. పప్పు మాన్పిస్తే చీము ఆగదు సరికదా, దాన్ని ఆపాల్సిన సైన్యానికే తిండి కరువవుతుంది.

పులుపు మీద కోపం మరీ అన్యాయం. అమెరికాలోని బోస్టన్‌లో జాన్ క్రాండన్ అనే యువ సర్జన్ నెలల తరబడి పళ్లూ కూరగాయలూ మానేసి, ఒంట్లో విటమిన్ సి లేకుండా చేసుకున్నాడు. మూడో నెలలో ఒంటిమీద గాటు పెట్టించుకుంటే మామూలుగానే మానింది. ఆరో నెలలో పెట్టిన గాటు పైకి అతుక్కున్నట్టే ఉంది, లోపల మాత్రం గడ్డకట్టిన రక్తం తప్ప కొత్త కండ లేదు. నరంలోకి విటమిన్ సి ఎక్కించాకే అది మానింది. 1940లో ఆ వివరాలు అచ్చయ్యాయి. గాయాన్ని అతికించే కొల్లాజెన్ పోగులు గట్టిపడాలంటే ఈ విటమిన్ ఉండి తీరాలి. నూరు గ్రాముల జామకాయలో అది 200 మిల్లీగ్రాములకు పైనే. కానీ జలుబు చేస్తుందని జామకాయనూ గుమ్మం బయటే ఆపేస్తాం.

వార్డుల్లో తిరిగే డైటీషియన్ల నేర్పు ఈ అంకెలు అప్పజెప్పడంలో లేదు, అమ్మమ్మలతో బేరమాడటంలో ఉంది. కందిపప్పు వద్దంటే పెసరకట్టుకు ఒప్పిస్తారు. గుడ్డు వద్దంటే ముందు తెల్లసొన, నాలుగు రోజులాగి పచ్చసొన. నిమ్మకాయ "పులుపు" కాబట్టి ఉడికిన పప్పు దించాక అందులో పిండేస్తారు. కాళ్ల సూపు దగ్గర మాత్రం పేచీ వస్తుంది. ఎముక విరిగితే మేక కాళ్ల సూపు తాగాలన్నది మనవాళ్ల గట్టి నమ్మకం. రుచికి దాన్ని మించింది లేదు, కాదనను. కానీ అందులో ఉండేది ఎక్కువగా జెలటిన్. ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం జెలటిన్‌లో ఉండదు. తాగితే తాగనివ్వండి, గుడ్డుకు బదులుగా మాత్రం కాదు.

షుగరున్నవాళ్ల కథ మరోలా ఉంటుంది. కాలి పుండు మానాలంటే చక్కెర అదుపులో ఉండాలి, నిజమే. ఆ భయంతో అన్నం తగ్గించి, పథ్యం పేరుతో పప్పూ గుడ్డూ మానేసి, రెండు పుల్కాలతో సరిపెట్టుకునేవాళ్లు వారాల తరబడి డ్రెస్సింగ్ చేయించుకుంటూనే ఉంటారు. కిడ్నీ జబ్బుంటే ప్రొటీన్ లెక్క వేరు, అక్కడ డాక్టరు చెప్పిందే కొలత.

డాక్టర్ల తప్పూ లేకపోలేదు. డిశ్చార్జి కాగితం మీద యాంటీబయాటిక్ ఏ పూట ఎన్ని మిల్లీగ్రాములో రాస్తారు, తిండి దగ్గరికొచ్చేసరికి "నార్మల్ డైట్" అని రెండు మాటలతో సరి. పథ్యమే నార్మల్ అనుకునే ఇంట్లో ఆ కాగితం ఏం చెప్పినట్టు? రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా గరిటెడు పప్పు, పెరుగు, ఒక జామకాయ అని మందుల పక్కనే తెలుగులో రాసిస్తే, ఇంట్లో పెద్దవాళ్లకు చూపించడానికి ఆ తల్లి చేతిలో ఒక ఆధారమైనా ఉంటుంది.