చంకలో నోటుపుస్తకం

మేధావులకు లోకజ్ఞానం ఉండదని చెప్పుకుని మురిసిపోవడం మనకు అలవాటు. శ్రీనివాస రామానుజన్ విషయంలో ఆ మురిపెం మరీ ఎక్కువ. అమాయకుడు, బతకనేర్వనివాడు, ఎవరో పుణ్యాత్ములు చేరదీస్తే పైకొచ్చాడు అంటారు. 1910లో ఉద్యోగం కోసం గుమ్మాలెక్కి దిగిన రామానుజన్‌ని చూస్తే నాకు అలా అనిపించదు. ఆయన గణితం గొప్పతనం చెప్పడానికి తగినవాళ్లు వేరే ఉన్నారు. ఆ గణితాన్ని చంకలో పెట్టుకుని వెళ్లి, ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ముందు విప్పి చూపించడంలో ఉన్న పనితనం గురించే నేను చెప్పేది.

అప్పటికి ఆయన చేతిలో ఉన్నదేమిటి? మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. లెక్కల ధ్యాసలో పడి మిగతా సబ్జెక్టులు గాలికొదిలేసి ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) తప్పాడు, అటు కుంభకోణంలోనూ ఇటు మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలోనూ. 1909లో పెళ్లయింది. డిగ్రీ లేదు. లెక్కలు నిండిన నోటుపుస్తకం ఉంది.

అది పుచ్చుకుని తిరుకోవిలూరు వెళ్లాడు. అక్కడ డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యర్. అడిగింది రెవెన్యూ ఆఫీసులో చిన్న గుమాస్తా పని. మద్రాసు రాజధానిలో డిప్యూటీ కలెక్టర్లు ఎందరో ఉండగా ఈయన దగ్గరికే ఎందుకు? 1907లో ఇండియన్ మేథమెటికల్ సొసైటీని స్థాపించిన మనిషి ఈయనే. నోటుపుస్తకం తెరిస్తే అందులో ఏముందో చదవగల అధికారి. ఏ గుమ్మం ఎక్కాలో తేల్చుకోవడంలోనే సగం పని అయిపోయింది.

ఉద్యోగం మాత్రం రాలేదు. ఇంత ప్రతిభ ఉన్నవాణ్ని రెవెన్యూ శాఖ కింది మెట్టు మీద పడేసి అణగదొక్కడానికి మనసొప్పలేదని రామస్వామి అయ్యర్ తర్వాత చెప్పుకున్నారు. (పూట గడవనివాడికి ఇలాంటి గౌరవం ఎంత చేదో ఆయన ఆలోచించారో లేదో!) అయితే ఊరికే పంపలేదు, మద్రాసులో తెలిసినవాళ్లకు ఉత్తరాలిచ్చారు. అక్కడ కుంభకోణం కాలేజీ రోజుల్నించి రామానుజన్‌ని ఎరిగిన శేషు అయ్యర్ ఇంకో ఉత్తరమిచ్చారు. అది నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుకు. ఈయనా సొసైటీ మనిషే, కార్యదర్శి.

ఆయన మొదటి స్పందన ఏమంత బాగాలేదు. చుట్టాల కుర్రాడొకడు వచ్చి, ఎవరో మనిషి లెక్కల గురించి ఏదేదో చెబుతున్నాడు, నాకు బోధపడటం లేదు, కాస్త చూడండి అన్నాడట. సరే రమ్మన్నారు. పొట్టిగా, లావుగా, గడ్డం మాసి, అంత శుభ్రంగా లేని మనిషి లోపలికొచ్చాడు. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. చంకలో అంచులు చిరిగిన పుస్తకం. తెరిచి చెప్పడం మొదలుపెట్టాడు. విన్నదాంట్లో విషయముందో, వట్టి వాగుడో కలెక్టరుగారికి తేలలేదు. ఇంకోరోజు రమ్మన్నారు.

ఆ రోజుల్లో రాసుకున్న నోటుపుస్తకాలు మనకు మూడు మిగిలాయి. 1957లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వాటిని ఉన్నదున్నట్టు ఫోటోలు తీసి రెండు సంపుటాలుగా అచ్చువేశారు. మొదటిది ఆకుపచ్చ సిరాతో రాసింది. అధ్యాయాలుగా విడగొట్టుకుని, కాగితానికి ఒకవైపే రాసుకుంటూ పోయాడు. తర్వాత చోటు చాలక వెనకవైపులు నింపాడు, అదీ పుస్తకం చివర్నుంచి ముందుకు. రెండో పుస్తకం ఆ మొదటిదాన్నే సవరించి, పెంచి రాసుకున్న సాపు ప్రతి. పలక మీద లెక్క చేసి, మోచేత్తో చెరిపేసి, తేలిన ఫలితం మాత్రమే కాగితం మీదికి ఎక్కించేవాడు. కాగితం ఖరీదు అలాంటిది. అందుకే ఆ పేజీల్లో సూత్రాలే తప్ప నిరూపణలు దాదాపు కనిపించవు. ఇలాంటి పుస్తకం కొత్తవాడి చేతికిస్తే బెదిరిపోతాడు. పక్కన కూచుని ఏ పేజీ ముందో, ఏది తర్వాతో చెప్పే మనిషి కావాలి.

రెండోసారి వెళ్లినప్పుడు రామానుజన్ చేసింది అదే. నాకెంత తెలియదో అతను కొలిచేశాడు అని రామచంద్రరావు నిజాయితీగా రాసుకున్నారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ఇది. మొదట సులువైన ఫలితాలు కొన్ని తీశాడు. అవి కూడా అచ్చయిన పుస్తకాల్లో లేనివే. కలెక్టరుగారి ముఖం తేటపడ్డాక ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ ఎలిప్టిక్ ఇంటెగ్రల్స్ దగ్గరికి, హైపర్‌జామెట్రిక్ శ్రేణుల దగ్గరికి తీసుకెళ్లాడు. అప్పటికి లోకానికి చెప్పని డైవర్జెంట్ శ్రేణుల (ఎంత కూడినా ఒక విలువ దగ్గర నిలవని శ్రేణులు) సిద్ధాంతం అన్నిటికన్నా చివర్న. చేయితిరిగిన చీరల కొట్టు గుమాస్తా పట్టుచీర ముందే పరుస్తాడా?

సులువైనదంటే ఆయన లెక్కలో ఎలాంటిదో చూడాలంటే 1911లో సొసైటీ పత్రికలో పాఠకులకు వేసిన 289వ ప్రశ్న చాలు. √(1+2√(1+3√(1+4√(1+…)))) విలువ ఎంత? అంతులేకుండా ఒకదాంట్లో ఒకటి దూరిపోయే వర్గమూలాలు. జవాబు 3. ఎలాగంటే, 3 అంటే √9. ఆ 9ని 1+2×4గా రాయండి. అందులోని 4 అంటే √16, ఆ 16 అంటే 1+3×5. ఆ 5 మళ్లీ √25, అంటే 1+4×6 మీద వర్గమూలం. ఇలా విప్పుకుంటూ పోవచ్చు. ఇంతటితో నిరూపణ అయిపోయిందంటే లెక్కల మాష్టారు ఒప్పుకోరు, చివర్న మిగిలే ముక్క సంగతి తేల్చమంటారు. అయినా హైస్కూలు పిల్లాడికి కూడా నోరు తెరిపించే ముచ్చట ఇది. నెలల తరబడి ఎవరూ జవాబు పంపలేదు, చివరికి రామానుజనే చెప్పాడు.

డైవర్జెంట్ శ్రేణుల్ని చివరికి ఆపడంలో ఎంత నేర్పుందో 1912 చివర్లో తెలిసొచ్చింది. మద్రాసు నుంచి ఆయన పని కొంత లండన్‌లో ప్రొఫెసర్ హిల్‌కి పంపారు. ఆయనేమో డైవర్జెంట్ శ్రేణుల గోతుల్లో పడ్డాడు ఈ కుర్రాడు అని తేల్చేశారు. 1+2+3+4+… మొత్తం −1/12 అంటే కాగితం మీద చూసిన ఎవరైనా అలాగే అంటారు. ఉత్తరం చదివేవాడి నొసలు ముడిపడితే పేజీ తిప్పేసే వీలు పంపినవాడికి ఉండదు. ఎదురుగా కూచున్న రామానుజన్‌కు ఆ వీలుంది, దాన్ని పూర్తిగా వాడుకున్నాడు.

ఏం కావాలి అని రామచంద్రరావు అడిగారు. పరిశోధన సాగడానికి పొట్టకు కాస్త కూడు చాలన్నాడు. అడగడంలోనూ కొలత తప్పలేదు. ఇలాంటివాణ్ని నెల్లూరు లాంటి మఫసిల్ ఊళ్లో మగ్గబెట్టడం అన్యాయమని (నెల్లూరు వాళ్లు మన్నించాలి) ఆయన మద్రాసుకు తిప్పి పంపి, నెలకు 25 రూపాయలు తన జేబులోంచి ఇచ్చారు. ఒకరి మీద ఎక్కువకాలం ఆధారపడటం రామానుజన్‌కే నచ్చలేదు.

1912 ఫిబ్రవరి 9న మద్రాసు పోర్ట్ ట్రస్టుకు దరఖాస్తు పెట్టాడు. మెట్రిక్ పాసయ్యాను, ఎఫ్.ఏ. దాకా చదివాను, పరిస్థితులు కలిసిరాక ముందుకు సాగలేదు, లెక్కల మీదే కాలమంతా గడుపుతున్నాను, ఉద్యోగమిస్తే న్యాయం చేయగలను. ఇంతే. గుమాస్తా పనికి రాసిన ఆ కాగితంలో ఒక్క సూత్రం లేదు. మార్చి 1న 30 రూపాయల జీతం మీద లెక్కల విభాగంలో చేరాడు.