ఏడు చేపల కథలో అడగని ప్రశ్న: పసిపిల్లల పర్యావరణ బోధన – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పసిపిల్లలకు పర్యావరణం పట్ల శ్రద్ధ కలిగించడం విజ్ఞానశాస్త్ర బోధనకు చెందిన పని అన్న అభిప్రాయం బలంగా ఉంది. విద్యా విధానం మాత్రం ఆ పనిని భాషకు కూడా అప్పగించింది. ఎం.సి. మెహతా వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలని చెప్పింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఐదు తరగతుల వరకు పరిసరాల విజ్ఞానాన్ని ప్రత్యేక విషయంగా నిలిపి, ఒకటి, రెండు తరగతులలో దానిని భాషలో, గణితంలో కలిపింది. అంటే ఆరేడేళ్ళ పిల్లలకు పరిసరాలను పరిచయం చేయవలసిన వాటిలో తెలుగు వాచకం ముఖ్యమైనది. అందువల్ల ఏ కథ చెప్పాలి, దానిని ఎలా చదివించాలి అన్న ప్రశ్నలు సాహిత్య విమర్శ పరిధిలోకి వస్తాయి.

విధ్యర్థక బోధన

పర్యావరణ ప్రబోధం కోసం రాసే బాలగేయాలు, కథలు ఎక్కువగా విధి నిషేధాల మీద నడుస్తాయి. చెట్లు నాటాలి, నీరు వృథా చేయరాదు, ప్లాస్టిక్ వాడరాదు అన్నవి వాటి సారాంశం. ఈ మాటలలో దోషం లేదు. అయితే వాటి వెనుక ఉన్న తర్కం పరిమితమైనది. చెట్టు నీడను, పండును ఇస్తుంది కనుక కాపాడాలి అన్నప్పుడు చెట్టు విలువ మనిషి అవసరంతో ముడిపడుతుంది. పిల్లవాడికి ఏ ప్రయోజనమూ కనిపించని చీమకు, గడ్డిపరకకు ఈ తర్కంలో చోటు దొరకదు. పైగా ఆజ్ఞ పిల్లవాడి చేత పని చేయించగలదు కాని, ఆ పని ఎందుకు అవసరమో ఆలోచింపజేయలేదు.

గొలుసు నిర్మాణం

దీనికి భిన్నమైన మార్గం మౌఖిక సంప్రదాయంలోని ఏడు చేపల కథలో ఉంది. ఆర్నే-థాంప్సన్ కథా రకాల సూచిక 2000 నుంచి 2399 వరకు గల సంఖ్యలను సూత్రకథలకు కేటాయించింది. గొలుసు కథ ఆ వర్గానికి చెందినదే. ఎక్కువగా వినిపించే పాఠం ప్రకారం, రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒక చేప ఎండదు. కారణం అడిగితే చేప గడ్డిమేటును, గడ్డిమేటు ఆవును, ఆవు పశులకాపరిని, కాపరి అవ్వను, అవ్వ పసివాడిని, పసివాడు చీమను చూపుతారు. చీమ తన బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టకుండా ఉంటానా అని ఎదురు ప్రశ్న వేస్తుంది.

ఈ నిర్మాణంలో మూడు అంశాలు గమనించదగినవి. మొదటిది, మనిషిని పలకరించినట్లే గడ్డిమేటునూ ఆవునూ చీమనూ సంబోధించి సమాధానం అడగడం. రెండవది, రాజకుమారుల చేపకు, చీమపుట్టకు నడుమ సంబంధం ఉందని ఎక్కడా చెప్పకుండానే తెలియజేయడం. మూడవది, పుట్టకు ఉన్న బంగారు అనే విశేషణం. అది మనిషి కట్టిన వెల కాదు, అందులో నివసించే చీమ తన ఇంటికి ఇచ్చుకున్న విలువ. చీమ మనకు ఏ మేలు చేస్తుందన్న ప్రస్తావన కథలో ఎక్కడా లేదు. ఉపయోగంతో నిమిత్తం లేని ఇంత సూటి వాదన ప్రబోధ గేయాలలో అరుదు.

నీతి తెచ్చే చిక్కు

తరగతి గదిలో ఈ కథను సాధారణంగా ఒక నీతితో ముగిస్తారు: ఇతరుల జోలికి పోరాదు. దీనితో గొలుసులోని మిగిలిన లంకెలన్నీ మరుగునపడి, జరిగిన నష్టమంతా పసివాడి వేలి మీదికి వస్తుంది. కథలో లోకజ్ఞానం అందరికన్నా తక్కువ ఉన్నది ఆ పసివాడికే. నేటి పర్యావరణ బోధనలోనూ ఇదే జరుగుతున్నది. పెద్దలు చేసిన నష్టానికి పిల్లలను బాధ్యులను చేసి, వారి చేత ప్రతిజ్ఞలు చేయిస్తున్నారు.

కథలో ఉన్నవి ఏడు ప్రశ్నలు. ఏడూ అడిగేవారి వైపు నుంచి వచ్చినవే. అందరి దగ్గరా కారణం రాబట్టిన రాజకుమారుడిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. చేపను చెరువు నుంచి ఎందుకు తెచ్చావన్న ఎనిమిదో ప్రశ్న కథలో లేదు. చీమ వేసిన ఎదురు ప్రశ్న దానికి దారి చూపి ఆగిపోతుంది. ఆ దారిన పిల్లలను నడిపించడమే ఉపాధ్యాయుని పని.

పరిమితులు

జానపద కథకు ఆధునిక పర్యావరణ భావనను ఆపాదించడం కాలవిరుద్ధమన్న అభ్యంతరం న్యాయమైనదే. వేట ఈ కథలో తప్పు కాదు. లయ, జ్ఞాపకశక్తి, వినోదం దీని సహజ ప్రయోజనాలు. అంతేకాక గొలుసు ఒకే వరుసలో సాగుతుంది, ప్రకృతిలోని సంబంధాలు వలలా అల్లుకొని ఉంటాయి. గడ్డిని కోసి మేటు వేసినవారు ఎవరన్న ఊసే కథలో రాదు. అయితే కథ ఉద్దేశం వేరు, దాని రూపానికి ఉన్న శక్తి వేరు. మౌఖిక కథకులు లంకెలను కలుపుతూ, మారుస్తూ వచ్చారు. అచ్చు పాఠం ఆ స్వేచ్ఛను స్తంభింపజేసింది. పిల్లల చేత కొత్త లంకెలు చేర్పించడం సంప్రదాయ విరుద్ధం కాదు.

శ్రోతలు మారిన సంగతి కూడా గుర్తించాలి. తీర గ్రామంలోని పిల్లలకు ఇసుకలో ఎండే చేపలు, పశువులున్న పల్లెలోని పిల్లలకు గడ్డిమేటు ప్రత్యక్షానుభవం. నగరంలోని అపార్ట్‌మెంటులో పెరిగే పిల్లవాడికి ఈ గొలుసులో చీమ ఒక్కటే నిత్యం కనిపించవచ్చు. అతనికి కథను చివరి నుంచి మొదలుపెట్టి, చీమ దగ్గర నుంచి చేప దాకా వెనక్కి నడిపించవలసి ఉంటుంది.

ముగింపు

పసిపిల్లల పర్యావరణ బోధనకు కొత్త నినాదాలకన్నా పాత కథల కొత్త పఠనం ఎక్కువ ఉపకరిస్తుంది. కారణాన్ని వెతికే అలవాటును ఏడు చేపల కథ నేర్పగలదు, దానిని నీతి వాక్యంతో మూసివేయకపోతే. అడిగేవారిని కూడా అడగవచ్చునని గ్రహించిన పిల్లవాడికి పర్యావరణం పాఠంగా మాత్రమే మిగలదు. వాచక రచయితలు, ఉపాధ్యాయులు ఆ ఎనిమిదో ప్రశ్నకు చోటు ఇవ్వాలి, ఆ ప్రశ్న తమ వైపే తిరిగినా సమాధానం చెప్పడానికి సిద్ధపడాలి.