వాన ఎప్పుడు అడగాలి?

యూదుల ప్రార్థన పుస్తకం పేరు సిద్దూర్. దేవుణ్ణి ఏమడగాలన్నదే కాదు, వాన ఏ రోజు నుంచి అడగాలన్నదీ అందులో ఉంటుంది. ఇశ్రాయేలు బయట ఉన్నవాళ్లకు ఆ రోజు డిసెంబరు 4 సాయంత్రం, కొన్నేళ్లలో 5. శరత్కాలపు విషువత్తు నుంచి పాత లెక్క ప్రకారం అరవయ్యో రోజు అన్నమాట. ఆ నియమం పుట్టిన బబులోనులో పొలాలకు వాన కావలసింది అప్పుడే. ఇశ్రాయేలులోనైతే ఇంకా ముందే మొదలుపెడతారు, కానీ పర్ణశాలల పండుగ అయిన వెంటనే కాదు, పదిహేను రోజులు ఆగి. పండుగకు యెరూషలేము ఆలయానికి వచ్చిన యాత్రికుల్లో అందరికంటే దూరం వాళ్లు తడవకుండా యూఫ్రటీసు చేరుకోవాలని ఆ గడువు. ఆలయం పోయింది, కాలినడక యాత్రికులు పోయారు, తేదీ మాత్రం అలాగే ఉంది.

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు కుటుంబాలున్నాయి. తాము ఇశ్రాయేలు సంతతి వారమని చెప్పుకుంటూ యూదు ఆచారాలు పాటిస్తాయి. డిసెంబరు మొదట్లో అక్కడ వరి పనలు చేలో ఉంటాయి, మబ్బు పడితే రైతుకు గుండెదడ. అయినా నియమం ప్రకారం వాన అడగాల్సింది అప్పుడే.

క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని తగలబెట్టాక బలులు ఆగిపోయాయి. ఆ చోటును మాట భర్తీ చేసింది. యావ్నేలో రబ్బాన్ గమలీయేలు ఆధ్వర్యంలో పండితులు పద్దెనిమిది ఆశీర్వచనాలను ఒక వరసలో పెట్టారు. చాలాకాలం ఇవన్నీ కంఠస్థమే. 9వ శతాబ్దంలో స్పెయిన్ యూదులు ప్రార్థనల క్రమం చెప్పమని అడిగితే, బబులోనులోని సూరా విద్యాపీఠాధిపతి అమ్రామ్ గావోన్ రాసి పంపిన జవాబే మనకు తెలిసిన తొలి సిద్దూర్.

పూటకొకటి చొప్పున రోజుకు మూడు ప్రార్థనలు. మూడింటికీ గుండెకాయ ఆ పద్దెనిమిది ఆశీర్వచనాల అమిదా, అంటే నిలబడి చేసేది. మూడడుగులు వెనక్కి వేసి, మళ్లీ మూడడుగులు ముందుకొచ్చి, పాదాలు రెండూ జోడించి యెరూషలేము వైపు తిరిగి నిలబడతారు. పెదవులు కదలాలి, మాట తన చెవికి మాత్రమే వినపడాలి. బైబిలు కథలో హన్నా గుడిలో ఇలా ప్రార్థిస్తుంటే యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. పండితులకు ఆమే ఒరవడి. ‘బారూఖ్’ అన్నప్పుడు మోకాలు వంచాలి, ‘అత్తా’ అన్నప్పుడు నడుము వంచాలి, దేవుడి పేరు వచ్చేసరికి నిటారుగా లేవాలి. అన్ని ఆశీర్వచనాలకూ వంగడానికి లేదు, అతివినయం పనికిరాదు.

ముందు మూడు స్తుతులు, మధ్యలో పదమూడు కోరికలు, చివర మూడు కృతజ్ఞతలు. మొత్తం పంతొమ్మిది అవుతాయి, అయినా జనం ఇప్పటికీ ‘పద్దెనిమిది’ అనే అంటారు. మొదటి కోరిక డబ్బో ఆరోగ్యమో కాదు, తెలివి. ఏది అడగాలో తెలియడానికే ముందు అది కావాలి కాబట్టి ఆ వరస నాకు సబబుగానే అనిపిస్తుంది. కోరికలు అడిగేది బహువచనంలోనే: జ్వరంతో ఒంటరిగా పడుకున్న మనిషి కూడా ‘మమ్మల్ని స్వస్థపరచు’ అనే అడుగుతాడు. శనివారం వస్తే ఆ పదమూడూ తీసేస్తారు. ఎంత కష్టంలో ఉన్నా ఆ వేళ అమిదాలో అర్జీలు పెట్టరు.

రోజూ అవే మాటలంటే నోరు పరుగెత్తుతుంది, మనసు వెనకబడుతుంది. పనిరోజుల్లో సినగాగుకు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, వెళ్లి చూస్తే ఆ వేగం తెలుస్తుంది. ఈ జబ్బును ముందుగా పసిగట్టింది పండితులే: ప్రార్థనను మొక్కుబడిగా చేసేవాడిది వేడుకోలే కాదని రబ్బీ ఎలియేజరు తేల్చేశాడు. అయినా సొంత మాటలు దొరకని రోజులుంటాయి. అమ్మో నాన్నో పోయినవాళ్లు పదకొండు నెలలు కడ్డీష్ చదువుతారు. అరమేయిక్ భాషలోని ఆ ప్రార్థనలో చావు ఊసే లేదు, అంతా దేవుడి స్తుతే. అయితే ఒక్కరే చదవడానికి లేదు, పదిమంది ఉండాలి. సంప్రదాయవాదులు మగవాళ్లనే లెక్కిస్తారు, మిగతా శాఖల్లో ఆడవాళ్లూ లెక్కకొస్తారు. దుఃఖంలో ఉన్న మనిషి గది తలుపేసుకోకుండా రోజూ జనంలోకి వచ్చేలా చేసేది ఈ పదిమంది నిబంధనే. కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగాగులో స్థానికులు పదిమంది లేరు, ఆ లెక్క పూర్తి కావాలంటే బయటి నుంచి యూదు యాత్రికులు రావాల్సిందే.